356 మైళ్ళ పసుపు కారు

ఈ సంచికకి ఎవరైనా పాతకాలపు ప్రముఖుడి జీవితం రాసి పంపమని గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడే అనుకున్నా, సగం మంది కలాం గారిని, మిగతా సగం విశ్వేశ్వరయ్య గారిని పట్టుకుంటారని. నేను మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ని తీసుకున్నా. ఏడో నిజాం. మెకానికల్ వాడికి నిజాంతో ఏం పని అంటారేమో. ఆయన గురించి మన ఫోన్లలో తిరిగే కథల్లో సగం కార్ల కథలే. నాకు కార్ల రంగు గురించి కొంచెం తెలుసు. మా కాకకు నిజామాబాద్‌లో డెంటింగ్, పెయింటింగ్ షాపు ఉంది. సెలవులొస్తే నా చేతిలో పాలిష్ మిషన్ ఉంటది.

ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మమ్మ వాళ్ళది బోధన్. తాత శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైర్ అయ్యిండు. ఆయన లెక్కలో నిజాం అంటే అన్నం పెట్టిన దొర. మా నాయినమ్మ వైపు మాత్రం ఆ పేరెత్తితే ఇప్పటికీ మాటలు ఆగిపోతయి. రజాకార్ల రోజుల్లో రాత్రిళ్ళు ఊరొదిలి చేన్లల్ల దాక్కున్న ఇల్లు వాళ్ళది. పండుగకు రెండు వైపులవాళ్ళు ఒక్కచోట కూర్చుంటే పంటలు, పెళ్ళిళ్ళు, రాజకీయాలు అన్నీ వస్తయి గాని ఈ ఒక్క సంగతి రాదు. వీళ్ళిద్దరిలో ఎవరి నిజాం నిజమో తేల్చుకుందామని చదవడం మొదలుపెట్టా. ఏం తేలిందో మీరే చూడండి.

ముందు కారు సంగతి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఇంగ్లండ్‌లోని రోల్స్ రాయిస్ కంపెనీకి ఒక సిల్వర్ ఘోస్ట్ ఆర్డర్ ఇచ్చాడు. 6 సిలిండర్ల ఇంజన్, 7 లీటర్ల పైనే. ఆ రోజుల్లో కంపెనీ ఛాసిస్, ఇంజన్ మాత్రమే ఇచ్చేది. బాడీ వేరేవాళ్ళు కట్టాలి. ఈ కారుకు బార్కర్ అనే కోచ్ బిల్డర్లు కట్టారు. పసుపు రంగు, వెనక సింహాసనం లాంటి సీటు. అందుకే దాన్ని థ్రోన్ కార్ అంటారు. కారు హైదరాబాద్ చేరక ముందే, 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ చనిపోయాడు. తండ్రి కోరుకున్న బండి కొడుక్కి వచ్చింది. 1886 ఏప్రిల్‌లో పుట్టిన ఉస్మాన్ అలీ ఖాన్‌కి అప్పటికి పాతికేళ్ళు. తండ్రి సిల్కు బట్టలు, వేట, విందులు అంటే ప్రాణం పెట్టే రకం. కొడుకు పూర్తిగా వేరే రకం. ఆ కారు పెద్ద పెద్ద వేడుకలకే బయటికి వచ్చేది. అది తిరిగిన మొత్తం దూరం 356 మైళ్ళని చెబుతారు. అంటే సుమారు 573 కిలోమీటర్లు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కి మూడుసార్లు ఒకవైపు వెళ్తే దాదాపు అంతే. ఆయన గద్దె మీద ఉన్నదేమో 37 ఏళ్ళు.

తిరగని కారుకు రంగు ఎందుకు పోతుందని మా బ్యాచ్ వాళ్ళు అడుగుతుంటారు. తిరిగినా తిరగకపోయినా ఎండ, గాలి, తేమ తమ పని తాము చేస్తయి. 1912 నాటి కారు రంగు మన కార్ల రంగు లాంటిది కాదు. అవిసె నూనె, జిగురు కలిపిన వార్నిష్‌ని కుంచెతో పొర మీద పొర వేసి, ప్రతి పొర ఆరినాక ప్యూమిస్ రాయితో నీళ్ళు పెట్టి రుద్దేవారు. ఒక్క బండికి వారాల పని. ఇక్కడ కెమిస్ట్రీలో ఒక తమాషా ఉంది. అవిసె నూనె ఆరడం అంటే నీరు ఇగిరినట్టు ఇగరడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడడం. రంగును పుట్టించేదే ఆక్సిడేషన్. ఆరినాక కూడా అది ఆగదు. ఏళ్ళ తరబడి సాగి అదే రంగును పెళుసు చేసి, పగిలించి, పొడి చేస్తది. తర్వాత 1920ల్లో డ్యూపాంట్ వాళ్ళ డ్యూకో లాంటి నైట్రో సెల్యులోజ్ లక్కలు వచ్చి వారాల పనిని గంటల్లోకి తెచ్చినయి. ఆ తర్వాత ఎనామెళ్ళు వచ్చినయి.

ఈ లక్కల్లో, ఎనామెళ్ళలో రంగు పొడి పైపొరలోనే ఉంటది. ఎండ ఆ జిగురును తింటే రంగు పొడి వదులైపోయి తెల్లగా సుద్దలా తేలుతుంది. మీ ఇంట్లో ఎవరిదైనా పాత అంబాసిడర్ ఉంటే తుడిచి చూడండి, గుడ్డకి కారు రంగు అంటుతుంది. కాక దగ్గరికి అలాంటి బండి ఒకటి వచ్చింది, ఎర్రది. ప్యాడ్ పెట్టిన రెండు నిమిషాలకే ప్యాడ్ మొత్తం ఎరుపు. నేను బెదిరిపోతే కాక నవ్విండు. చచ్చిన పొర పోతేనే కింది పొర బయటికొస్తది. ఎంత పోవాలో, ఎక్కడ ఆపాలో తెలియాలి, అంతే.

ఇప్పటి కార్లకు రంగు పైన క్లియర్ కోట్ ఉంటది. పెయింట్ మొత్తం కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు. దాని కంటే పల్చని పొర మీద మనం మిషన్ తిప్పుతున్నాం. ఎండలో బానెట్ మీద సాలెగూడులా గుండ్రంగా కనిపించే గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులా ఉన్న సన్న గీతల్లో, వెలుగును మన కంటివైపు తిప్పే కోణంలో ఉన్నవి మాత్రమే మెరుస్తయి. అందుకే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వలయంలా కనబడతయి. మీరు పక్కకు జరిగితే ఆ వలయం కూడా మీతో జరుగుతది.

ఈ గీతలు పోగొట్టడం అంటే గీతని పూడ్చడం కాదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని చెక్కి సమం చేయడం. ముందు బాగా కడగాలి, క్లే బార్‌తో అంటుకున్న మట్టి తీయాలి, అంచులకు, ప్లాస్టిక్‌కి టేప్ వేయాలి. తర్వాత ఒక చిన్న గడిలో పాలిష్ వేసి చూసి, అది సరిపోకపోతేనే కాంపౌండ్‌కి వెళ్ళాలి. మంచి చెయ్యి పడితే రెండు మూడు మైక్రాన్లతో పని అయిపోతది. తొందరపడి రోటరీ మిషన్‌ని అంచు మీద ఆపితే పది సెకన్లలో కింది ప్రైమర్ కనబడతది. ఇంకో దారి కూడా ఉంది. గ్లేజ్ అని నూనె లాంటిది రుద్దుతారు, గీతల్లో నిండుకుని కారు కొత్తదానిలా మెరుస్తది. కారు అమ్ముకునేవాళ్ళకు ఇది ఇష్టం. నాలుగు వాషింగ్‌లకే లోపల ఉన్నది బయటికొస్తది. కాక దగ్గర స్పిరిట్ బాటిల్ ఉంటుంది. పాలిష్ అయినాక దాంతో తుడిచి చూసి, గీత నిజంగా పోయిందా, గ్లేజ్ కప్పిందా అని తేల్చుకుంటడు.

ఏడో నిజాం గురించి ఇప్పుడు దొరికేదాంట్లో చాలా భాగం ఈ గ్లేజే. మొదటిది చెత్త బండి కథ. రోల్స్ రాయిస్ షోరూంలో అవమానిస్తే అరడజను కార్లు కొని మున్సిపాలిటీకి చెత్త ఎత్తడానికి ఇచ్చాడని. దీనికి ఆధారం లేదు. ఇదే కథ అల్వార్ రాజు పేరు మీద, భరత్‌పూర్ రాజు పేరు మీద, పాటియాలా రాజు పేరు మీద కూడా తిరుగుతుంది. పేరు మార్చితే చాలు, ఏ సంస్థానానికైనా సరిపోతుంది. రెండోది బంగారం కథ. 1965 యుద్ధ సమయంలో దేశ రక్షణకు 5 టన్నుల బంగారం దానం చేశాడని ప్రతి ఏటా ఒకసారి ఫార్వర్డ్ వస్తుంది. జరిగింది వేరు. జాతీయ రక్షణ బంగారు పథకంలో 425 కిలోల బంగారాన్ని పెట్టుబడిగా పెట్టాడు, ఏడాదికి ఆరున్నర శాతం వడ్డీకి. 425 కిలోలు చిన్నది కాదు, అప్పట్లో ప్రభుత్వానికి అక్కరకొచ్చిందే. కానీ అది దానం కాదు, బాండ్లు. మా తాతకు ఈ సంగతి చెప్తే రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలే.

గ్లేజ్ తుడిచేస్తే ఏం మిగులుతుందో చూడాలంటే 1937ని చూడాలి. ఆ ఒక్క ఏడాదిలో ఆయన మొత్తం కనబడతాడు.

ఆ ఫిబ్రవరిలో పాలన రజతోత్సవం జరిగింది. అదే నెల 22న అమెరికా టైమ్ పత్రిక ఆయన్ని ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడిగా అట్టమీద వేసింది. 184 క్యారెట్లు దాటిన జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడాడంటారు. అది తండ్రి పాత చెప్పు బొటనవేలి దగ్గర దొరికిందట. అంత సొమ్మున్న మనిషి మాసిన టోపీ, నలిగిన షేర్వానీ, చవక చార్మినార్ సిగరెట్లతో కింగ్ కోఠీలో బతికాడు. ఆయన సొంత భూములు, సర్ఫ్-ఎ-ఖాస్ అనేవి, సంస్థానం నిండా ఉండేవి. వాటి రాబడి ఖజానాకి కాదు, నేరుగా ఆయనకే. పిసినారితనాన్ని సాదాతనంగా చెప్పే వాళ్ళు ఆ భూముల్లో పన్ను కట్టిన రైతు ఇంటిని కూడా చూసి మాట్లాడాలి.

అదే 1937లో మా బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని మా తాత ఇప్పటికీ ఛాతీ విరిచి చెబుతడు. ఫ్యాక్టరీ ఊరికే రాలేదు. చెరుకు కావాలంటే నీళ్ళు కావాలి. 1923లో మంజీర మీద నిజాంసాగర్ మొదలుపెట్టి 1931కి పూర్తి చేశారు. ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. మనం ప్రతి ఏటా జూలై 11న తెలంగాణ ఇంజనీర్స్ డే అంటామే, అది ఆయన పుట్టినరోజు. మెయిన్ గేట్ దగ్గర ఫ్లెక్సీలో ఉన్న ఫొటో ఎవరిదో తెలియక నిరుడు మనవాళ్ళు విశ్వేశ్వరయ్య అనుకున్నారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 15, తలపాగా చూసైనా పోల్చుకోవాల్సింది. నిజాంసాగర్ కింద 2,75,000 ఎకరాలకు నీళ్ళివ్వాలని ప్లాన్. కాలువలు వచ్చినాక కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. వర్ని, కోటగిరి వైపు క్యాంపుల పేర్లతో ఉన్న ఊళ్ళు వాళ్ళవే. మరోపక్క బ్రిటిష్ ఇండియాలో 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ చట్టం వచ్చి జావా చక్కెర మీద సుంకం పడింది. దేశమంతా ఫ్యాక్టరీలు లేచిన కాలం అది. నీళ్ళు, మార్కెట్, డబ్బు మూడూ ఒకేసారి కుదిరిన చోట బోధన్ ఉంది. నిజాం సంతకం లేకుండా ఇందులో ఏదీ అయ్యేది కాదు. అలాగని అలీ నవాజ్ జంగ్ లెక్కలు లేకుండానూ అయ్యేది కాదు, రాళ్ళు మోసిన కూలీలు లేకుండానూ అయ్యేది కాదు. శిలాఫలకం మీద ఒక్క పేరే పడుతుంది.

ఫ్యాక్టరీకి, కారు రంగుకి సంబంధం ఏంటో బోధన్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. చెరుకు పిప్పిని బాయిలర్లో మండిస్తే చిమ్నీ నుంచి నల్లటి బూడిద లేస్తుంది. క్రషింగ్ సీజన్లో, అంటే నవంబర్ నుంచి మార్చి దాకా, దండెం మీద ఆరేసిన బట్టల మీద, కార్ల మీద, పెరుగు గిన్నె మీద కూడా పడేదట. చూడటానికి మెత్తగా ఉంటది గాని అందులో సిలికా ఉంటది, అంటే సన్న ఇసుక. పొద్దున లేచి పొడి గుడ్డతో దులిపితే ఆ ఇసుకతో కారుని రుద్దినట్టే. బోధన్ నుంచి వచ్చే పాత కార్లలో సాలెగూడు గీతలు ఎక్కువ ఉండేవని కాక అనుభవం. ముందు నీళ్ళు ధారగా పోసి బూడిద జారిపోయినాకే చెయ్యి పెట్టాలని ఎంత చెప్పినా వినేవాళ్ళు కాదట. తాత మాత్రం ఆ బూడిదని తిట్టినవాడిని ఊరుకునేవాడు కాదు. బూడిద పడుతుందంటే జీతం పడుతుందని ఆయన లెక్క.

1937లోనే ఇంకోటి జరిగింది. ఆరో ఆంధ్ర మహాసభ నిజామాబాద్‌లో జరిగింది, అధ్యక్షుడు మందుముల నరసింగరావు. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. చదువు, కచ్చేరి, కొలువు అన్నీ ఉర్దూలో. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషును కాదని ఒక దేశభాషలో ఇంజనీరింగు, వైద్యం సహా పై చదువులు చెప్పడానికి పూనుకుంది. ఇది చిన్న సాహసం కాదు, పాఠ్యపుస్తకాల అనువాదానికే ఒక విభాగం పెట్టారు. ఇంగ్లీషు మీడియంలో థర్మోడైనమిక్స్‌తో తిప్పలు పడే మనలాంటి వాళ్ళకి అసూయ కలిగే సంగతే. కానీ ఆ దేశభాష తెలుగు కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేయాల్సి వచ్చింది. సభ పెట్టుకోవాలంటే ముందు అనుమతి. 1938లో ఉస్మానియా హాస్టల్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్ళగొట్టారు. చాలామంది నాగపూర్ వెళ్ళి చదువు పూర్తిచేశారు, వాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. తన పేరుతో పెట్టిన విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళగొట్టిన పిల్లల్లో ఒకడు దేశానికి ప్రధాని అయ్యాడు.

నిజామాబాద్ అనే పేరు మాత్రం ఈయన పెట్టింది కాదు. ఇందూరు పేరు మారింది ఆయన గద్దెనెక్కక ముందే, మన్మాడ్ రైలు మార్గం వచ్చిన కాలంలో. ప్రతి ఎన్నికలప్పుడు పేరు మార్చాలనే గొడవలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆయన గుర్తు అని చెప్పుకునేది వేరే ఉంది. 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. మన ఆర్టీసీ బస్సుల నంబర్లలో ఉండే జెడ్ అక్షరం ఆయన తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందంటారు.

మళ్ళీ మా ఊరికి వస్తే, ఖిల్లా గుట్ట మీద రామాలయం పక్కనే ఉన్న జైలుకి రాకుండా ఈ మనిషి కథ పూర్తికాదు. 1948లో దాశరథి కృష్ణమాచార్య అక్కడ ఖైదీ. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా. రాయడానికి కాగితం లేక దాశరథి బొగ్గుతో గోడ మీద నిజాంని ఎదిరించే పద్యం రాశాడు. జైలు వాళ్ళు తుడిచేశారు. ఆళ్వారుస్వామి అప్పటికే దాన్ని కంఠతా పట్టాడు. కార్ల పని చేసేవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది. మరక పోయింది, గీత పోలేదు. కాలేజీ నుంచి ఇంటికి పోయినప్పుడల్లా ఆ గుట్ట కనబడుతుంది. ఇంటర్ వరకు అక్కడికి పులిహోర కోసమే పోయిన.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్ చేరలేదు. నిజాం విడిగా ఉండాలనుకున్నాడు. యథాతథ ఒప్పందం మీద సంతకం పెట్టి కాలం గడిపాడు. ఈలోగా కాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. అటు దొరల గడీలు, వెట్టిచాకిరీ మీద 1946 నుంచే రైతులు లేచారు. రజాకార్లని ఆయన పుట్టించలేదని, ఆయన చేతులు దాటిపోయిందని వాదించేవాళ్ళు ఉన్నారు. చేతులు దాటిపోయే దాకా ఎందుకు ఊరుకున్నాడన్నది నా ప్రశ్న. కాగితం ఎగరకుండా వజ్రం పెట్టిన మనిషి, పైసా పైసా లెక్క చూసిన మనిషి, తన పేరు మీద ఊళ్ళు తగలబడుతుంటే లెక్క అడగలేదు. ఇక్కడ పైపొర ఎంత తీసినా గీత పోదు, ఎందుకంటే అది క్లియర్ కోట్‌లో లేదు, రేకు దాకా దిగింది. మా నాయినమ్మ మాట్లాడకపోవడానికి కారణం నాకు ఈ భాగం చదివినప్పుడు తెలిసింది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ వారం, ఆ తర్వాత రోజుల్లో పల్లెల్లో చాలామంది ముస్లింలు చంపబడ్డారు. ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ దాని మీద నివేదిక రాసింది, అది దశాబ్దాల పాటు బయటికి రాలేదు. దీన్ని వదిలేసి ముందు సగం మాత్రమే చెప్పడం కూడా గ్లేజే. రెండు వైపులా వాడతారు ఆ డబ్బా.

తర్వాత కథ వింతగా నెమ్మదిస్తుంది. రాజ్యం పోయిన రాజునే 1950 జనవరి 26న రాజప్రముఖ్ చేశారు. 1956లో రాష్ట్రాల పునర్విభజన దాకా ఆ పదవిలో ఉన్నాడు. ఏటా 50 లక్షల రాజభరణం. కింగ్ కోఠీలో పాత షేర్వానీ, ఉర్దూ గజళ్ళు, లెక్కలేనంతమంది బంధువులు, నౌకర్లు. ఆయన పద్యాలు నేను అనువాదంలో కొన్నే చూశాను, వాటి మీద తీర్పు చెప్పేంత ఉర్దూ నాకు రాదు. 1967 ఫిబ్రవరి 24న చనిపోయాడు. హైదరాబాద్ వీధులు నిండిపోయాయి. కింగ్ కోఠీ ఎదురుగా జూదీ మసీదులో తల్లి పక్కన సమాధి చేశారు. ఆయన్ని ద్వేషించేవాళ్ళు కూడా ఆ జనాన్ని లేదనలేరు.

వారసుడు కొడుకు కాదు, మనవడు ముకర్రం జా. ఆయన చేతికొచ్చిన గ్యారేజీలో 60 దాకా కార్లు ఉన్నాయని, వాటిలో నడిచే స్థితిలో ఉన్నవి నాలుగేనని రాస్తారు. మిగతావాటి పెట్రోలు, స్పేర్ పార్టుల పేరుతో ఖర్చు మాత్రం నడుస్తూనే ఉందట. కదలని బండికి పెట్రోలు ఎవరు పోశారో మీరే ఊహించండి. పొడి గుడ్డతో పైపైన దులిపే నౌకర్లు, గాలి దిగిపోయిన టైర్లు, కవర్ల కింద తేమ. ప్రపంచంలోనే ధనవంతుడి కార్లు పోయింది వాడకం వల్ల కాదు, వాడకపోవడం వల్ల. 1995లో భారత ప్రభుత్వం ఆయన నగలు 173, జాకబ్ వజ్రంతో కలిపి, 218 కోట్లకు కొన్నది. వజ్రానికి ఏమీ కాలేదు. అవిసె నూనె రంగుకి అలాంటి ఆయుష్షు లేదు.

పసుపు థ్రోన్ కారు మాత్రం బతికింది. బాగుచేసి చౌమహల్లా ప్యాలెస్‌లో పెట్టారు, ఇప్పుడు వెళ్తే చూడొచ్చు. ఆ ప్యాలెస్ పునరుద్ధరణకి 2010లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. పాత కార్ల లోకంలో దీని మీద ఎప్పుడూ ఒక తగువు ఉంటుంది. కొందరు కొత్తగా మెరవాలంటారు. కొందరు పగుళ్ళతో సహా అసలు రంగే ఉండాలంటారు, ఎందుకంటే బండి ఒక్కసారే ఒరిజినల్‌గా ఉంటుంది. విదేశాల్లో పాత కార్ల పోటీల్లో రంగు ముట్టుకోని కార్లకు వేరే విభాగమే ఉంది. నన్నడిగితే రాజు ఊరేగిన బండి మెరుస్తూ ఉంటేనే బాగుంటుంది, కానీ 60 కార్లలో ఒక్కదాన్నైనా దుమ్ముతో, తుప్పుతో ఉన్నదున్నట్టు పక్కన పెట్టాల్సింది. రెండూ చూస్తే గాని ఆ మనిషి అర్థం కాడు. కాక మాత్రం దీనికి ఒప్పుకోలే. కస్టమర్ వచ్చి తుప్పు ఉంచమంటే షాపు మూసుకోవాలి అన్నడు.

బోధన్ ఫ్యాక్టరీకి 2002లో ప్రైవేటు చేతుల్లోకి 51 శాతం వాటా పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటినుంచి ప్రతి ఎన్నికకీ తెరుస్తామంటారు. తాత రోజూ సాయంత్రం శక్కర్‌నగర్ వైపు నడిచొస్తడు, గేటు దాకా పోయి వెనక్కి తిరుగుతడు. మొన్న సంక్రాంతికి ఈ వ్యాసం కోసం అడిగితే నిజాం గురించి గంట చెప్పిండు. బాయిలర్ గురించి రెండు గంటలు చెప్పిండు. నాయినమ్మ పక్క గదిలో వింటూ ఉన్నదని నాకు తర్వాత తెలిసింది. పొద్దున ఆమె నన్ను పిలిచి, వాళ్ళమ్మ ఏ చేన్ల దాక్కున్నదో, ఎన్ని రాత్రులో, ఎవరి ఇంటికి నిప్పు పెట్టారో మొదటిసారి చెప్పింది. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయొద్దన్నది, రాయలేదు.

బోధన్ నుంచి ఇప్పుడు వచ్చే కార్లు శుభ్రంగా ఉంటయి. బానెట్ మీద బూడిద ఉండదు, గీతలు కూడా తక్కువ. పాలిష్ పని సగం తగ్గిందని కాక అంటడు.